జొరం వచ్చి తగ్గాక

మొన్న బుధవారం రాత్రి ఆఖరి పేషెంటుని పంపించి ఫోన్ తీస్తే, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే లైను. "ప్లాస్టరన్న పోయాడు." ఫొటో లేదు, ఎప్పుడు, ఎలా అన్న వివరం లేదు. ఎవరూ అడగలేదు కూడా. ఎక్కడెక్కడో ఉన్న మా వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు దండం పెట్టే బొమ్మ మాత్రం పెట్టారు.

టేబుల్ మీద స్పిరిట్ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అంతకుముందే ఒక పెద్దాయనకి కట్టుడు పళ్ల సెట్టు కోసం మైనం మెత్తబరిచి కొలత తీసుకున్నాను. కాలిన మైనం, స్పిరిట్ కలిసిన ఆ వాసన నాకు రోజూ ఉండేదే. ఆ రాత్రి మాత్రం అది నన్ను నెల్లూరులో మా కాలేజీ మేడ మీది ప్రీ-క్లినికల్ ల్యాబుకి తీసుకుపోయింది. పొడుగాటి బల్లలు, బల్లకొక గ్యాసు గొట్టం, ఎత్తు స్టూళ్లు. మూలన సిమెంటు తొట్టి పక్కన, మోచేతుల దాకా తెల్లగా ప్లాస్టర్ పట్టిన చేతులతో ఆయన.

కాలేజీ రిజిస్టర్లో ఆయన పేరు వేరే. హోదా ల్యాబ్ అటెండర్. మాకంటే ముందు బ్యాచుల వాళ్లెవరో ప్లాస్టరన్న అని పిలిచారు, అదే నిలిచిపోయింది.

*

మాది కనిగిరి దగ్గర పల్లె. నాన్నకి కొంచెం కంది చేను, కొంచెం పొగాకు. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకి డెంటల్ సీటు వచ్చింది. "ఎంబీబీఎస్ రాలేదా?" అని అడగని చుట్టం లేడు. నాన్న ఒక్కడే, "పన్ను నొప్పొచ్చిన రాత్రి తెలుస్తుంది ఆ డాక్టరు విలువ" అనేవాడు.

రేకు పెట్టె బస్సు పైన వేసి, పామూరు మీదుగా నెల్లూరు వచ్చాం. హాస్టల్లో దింపి నాన్న వెళ్లిపోయాక రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు చేతికొక లిస్టు ఇచ్చారు. మైనం చెక్కే లెక్రాన్ కార్వర్, మైనం కత్తి, ప్లాస్టర్ కత్తి, ప్లాస్టర్ కలిపే స్పాచులా, రబ్బర్ బౌల్, స్పిరిట్ దీపం, చెక్కుడు మైనం బ్లాకులు, తెల్ల కోట్లు రెండు. పుర్రె, దవడ ఎముక సీనియర్ల దగ్గర కొనుక్కోవాలి. నాకు అమ్మిన అక్క వాటిని పాత పావడా గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చింది. మంచం కింద ఆ సంచి పెట్టుకుని పడుకోవడం వారంలో అలవాటైపోయింది.

మొదటి సంవత్సరం బీడీఎస్ అంటే నోట్లోకి చూడటం నేర్పుతారనుకుంటారు బయటివాళ్లు. ఆ ఏడాదంతా మేం ఒక్క పేషెంటు నోరు కూడా చూడలేదు. పొద్దున అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. మధ్యాహ్నం డెంటల్ అనాటమీ, అంటే ఒక్కొక్క పన్నునీ విడిగా, నాలుగు వైపుల నుంచీ, కొరికే వైపు నుంచీ కూడా చదవడం. తర్వాత ల్యాబులో ఆ పన్నునే మైనంలో చెక్కడం.

*

మొట్టమొదట చెక్కింది పై దవడ ముందు పన్ను, కుడివైపుది. కిరీటం పొడవు పదిన్నర మిల్లీమీటర్లు, వేరు పదమూడు, వెడల్పు ఎనిమిదిన్నర. ఈ అంకెలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బ్లాకు మీద సూదితో గీసుకుని, పక్క నుంచి కనిపించే ఆకారం ముందు కోసుకోవాలి. తర్వాత ఎదుటి ఆకారం. అప్పుడు మూలలు తగ్గించాలి. ఒకసారి ఎక్కువ తీస్తే మళ్లీ రాదు. అందుకని గోరంత తియ్యడం, తిప్పి చూడటం, మళ్లీ గోరంత. నలభై మంది కూర్చుని మైనం గీకుతుంటే ల్యాబంతా పట్టుపురుగులు ఆకు తింటున్నట్టు ఒకటే సన్నటి చప్పుడు.

ఆ పన్నులో నన్ను ఏడిపించింది దాని రెండు మూలలు. ముఖం మధ్యవైపు ఉండే మూల ఇంచుమించు నిటారుగా, పదునుగా ఉంటుంది. చెంపవైపు మూల కొంచెం గుండ్రంగా తిరుగుతుంది. ఊడి బల్ల మీద పడున్న పన్నుని చూసి కుడిదో ఎడమదో చెప్పాలంటే మొదటి ఆనవాలు అదే. నేను రెండు మూలలూ గుండ్రంగా చెక్కాను. సారు చేతిలోకి తీసుకుని, ఒక్క మాట అనకుండా రెండు ముక్కలుగా విరిచి బుట్టలో వేశారు. పది రోజుల పని. నా పక్క స్టూలు మీద కావలి అమ్మాయి. నా చెయ్యి పట్టుకుంది కానీ తలెత్తలేదు. తన పన్ను వంతు కూడా వస్తోంది కదా.

అందరూ వెళ్లాక నేను బల్ల తుడుస్తున్నాను. ప్లాస్టరన్న బుట్ట బోర్లించి మైనం ముక్కలు ఏరుతున్నాడు. విరిగిన పళ్లు, చెక్కిన పొట్టు అన్నీ ఒక సొట్టలు పడ్డ సత్తు గిన్నెలో వేసి కరిగించి, పాత బనీను గుడ్డలో వడగట్టాడు. తనే చేసుకున్న ప్లాస్టర్ అచ్చు ఒకటుంది. దాన్ని ముందే నీళ్లలో నానబెట్టాడు, మైనం అంటుకోకుండా. అందులో పోసి, ఆరాక తట్టి తీసి, రెండు బ్లాకులు నా ముందు పెట్టాడు.

"కొత్తవి కొనబాక పాపా. చెయ్యి తిరిగేదాకా ఇవే చెక్కు. విరిగితే మళ్లీ కరిగిస్తా."

కొన్న బ్లాకులు దంతం రంగులోనో, నీలంగానో ఉంటాయి. ఆయన పోసిన వాటికి ఇదీ అని చెప్పే రంగు ఉండేది కాదు. అందరి పొట్టూ కలిసి, తడిసిన ఆకులాంటి రంగు. మా క్లాసులో ఎవరి దగ్గర డబ్బులు తక్కువో ఆ రంగు చూస్తే తెలిసిపోయేది. దాన్ని గురించి ఎవరం ఎవరితోనూ మాట్లాడుకోలేదు. ఆయన లెక్క పెట్టింది లేదు, పైసా అడిగింది లేదు. ఆ ఏడాది నేను చెక్కిన పళ్లలో సగానికి పైగా ఆ మైనంతోనే.

నంబర్లు అలవాటయ్యేసరికి కూడా కొన్నాళ్లు పట్టింది. ఒకసారి ఎస్‌టీడీ బూత్ నుంచి, "ఈ వారం 36 మొదలుపెట్టాం నాన్నా" అన్నాను. "ముప్పై ఆరో పన్నా? మనిషికి ముప్పై రెండేగా తల్లీ" అన్నాడు. నోటిని నాలుగు వాటాలు చేసుకుంటామనీ, మూడు అంటే కింది ఎడమ వాటా అనీ, ఆరు అంటే మధ్యగీత నుంచి లెక్కపెడితే ఆరో పన్ను అనీ చెప్పాను. అట్లా జ్ఞానదంతానికి 48 నంబరు కూడా వస్తుంది. మీటరు తిరుగుతూనే ఉంది. నాన్న అటువైపు నాలుకతో తన పళ్లు లెక్కపెట్టుకుంటున్నట్టు తెలుస్తోంది. "ఆఁ, అది పోయిన సంవత్సరం పీకించానే, అదేనా?" అన్నాడు. అదే. ఆరో ఏట వచ్చే ఆ పన్ను, బిడ్డ పుట్టేనాటికే దవడలో గట్టిపడటం మొదలవుతుందని చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

*

అనాటమీ హాలు గురించి ఎక్కువ రాయలేను. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్‌కి కళ్లు మండి నీళ్లు కారేవి. సబ్బు పెట్టి ఎంత కడిగినా వేళ్ల వాసన పోక, మెస్సులో పెరుగన్నం స్పూనుతో తినేవాళ్లం. మాలో చాలామంది లోపలికి వెళ్లగానే ఆ దేహానికి దండం పెట్టుకునేవాళ్లు. ఆయన ఎవరో తెలియదు. ముఖానికి స్పర్శ ఇచ్చే నరం మూడు పాయలుగా ఎట్లా చీలుతుందో ఆయన ముఖంలోనే నేర్చుకున్నాను. ఇప్పుడు కింది దవడకి మత్తు సూది ఇచ్చే ప్రతిసారీ నా వేలు తడిమేది ఆ దారినే.

ఫిజియాలజీలో మా రక్తం మేమే పొడుచుకుని తీసుకునేవాళ్లం. చుక్కని పలచటి యాసిడ్‌లో వేసి, పది నిమిషాలు ఆగి, డిస్టిల్డ్ వాటర్ బొట్టుబొట్టుగా కలుపుతూ పక్కనున్న గోధుమరంగు గాజుతో పోల్చాలి. మా అమ్మాయిల్లో చాలామందికి హిమోగ్లోబిన్ తొమ్మిది, పది గ్రాములే వచ్చింది. మేడమ్ ఆ లెక్కలు చూసి హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడారు. తర్వాతి వారం నుంచి మెస్సులో వేరుశనగ ఉండలు పెట్టారు.

ఆ ఏడాది రొట్టెల పండగకి స్వర్ణాల చెరువుకి పోయాం, ఎనిమిది మందిమి. మొహర్రం రోజులు. మోకాళ్ల లోతు నీళ్లలో జనం, ఎవరి చేతిలో చూసినా రొట్టెలే. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. "చదువు రొట్టె, చదువు రొట్టె" అని ఒక పెద్దావిడ అరుస్తుంటే వెళ్లి పట్టుకున్నాను. వాళ్ల అబ్బాయికి ఇంజనీరింగ్ పూర్తయిందట. ఒకే రొట్టెని ఎనిమిది ముక్కలు చేసుకుని అక్కడే తిన్నాం. నాలుగేళ్ల చదువు, తర్వాత ఏడాది హౌస్ సర్జన్సీ అయ్యాక నేనూ ఆ నీళ్లలో నిలబడి ఒక రొట్టె ఇచ్చి వచ్చాను.

*

ప్లాస్టర్ కలపడం చూసినంత తేలిక కాదు. బౌల్లో ముందు నీళ్లు, తర్వాత పొడి. తిరగేసి చేస్తే ఉండలు కడుతుంది. వంద గ్రాముల పొడికి యాభై మిల్లీలీటర్ల నీళ్లని పుస్తకం లెక్క. స్టోన్ అనే గట్టి రకానికి ముప్పై చాలు. పొడి చల్లి, అది నీళ్లు పీల్చుకునేదాకా ఆగి, స్పాచులాని బౌల్ గోడకి ఒరిపిస్తూ ఒక నిమిషం తిప్పాలి. గాలి బుడగలు పైకి వచ్చేలా బౌల్‌ని బల్లకేసి తట్టాలి. ల్యాబులో రోజంతా వినపడే ఇంకో చప్పుడు ఇదే. టక్ టక్ టక్.

మేం తొందరపడేది ఆ తర్వాత. అచ్చులో పోసిన ప్లాస్టర్ పైకి గట్టిపడ్డట్టే ఉంటుంది. లాగితే ముందు పళ్లు అచ్చులోనే ఉండిపోయి బోసి మోడల్ వస్తుంది. అట్లా రెండుసార్లు అయ్యాక ప్లాస్టరన్న నా అరచేతిని మోడల్ అడుగున పెట్టించాడు.

"ఏం తెలస్తా ఉండాది?"

"వెచ్చగా ఉందన్నా."

"జొరం. ప్లాస్టర్‌కి జొరం రావాల, తగ్గాల. ఒళ్లు చల్లబడినాకే ముట్టుకోవాల పాపా. బిడ్డకి జొరంలో తలకి పోస్తామా?"

డెంటల్ మెటీరియల్స్ పుస్తకంలో దానికి రెండు పేజీల వివరణ ఉంది. నీళ్లు తాగిన పొడి మళ్లీ జిప్సంగా మారేటప్పుడు వేడిని వదులుతుందని. పరీక్షలో అది రాశాను. నా చెయ్యి గుర్తుపెట్టుకున్నది మాత్రం జొరమే. ఇప్పుడు నా దగ్గర పనిచేసే అమ్మాయికి కూడా ఆ మాటే చెబుతాను.

బౌల్ కడగడం గురించి కూడా ఆయనకి పట్టింపు. మిగిలిన ప్లాస్టర్‌ని సింకులో పోస్తే గొట్టం పూడుకుపోతుంది. పూర్తిగా గట్టిపడనిచ్చి, అప్పుడు రెండు చేతులతో బౌల్‌ని నొక్కితే పెంకులు పెంకులుగా ఊడి వస్తుంది. ఎవరైనా పంపు కింద పెట్టారా, గది ఆ చివర నుంచి "అబ్బయా!" అని కేకేసేవాడు. ఆయన కోపం అంతవరకే.

*

ఇక్కడ నా పళ్ల సంగతి రాయాలి. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాయలేదు.

నా ముందు పళ్ల మీద గోధుమరంగు గార ఉండేది. మా ఊళ్లో ఎవరి నోరు చూసినా అంతే, కనుక అది ఒక లోపమని నాకు తోచలేదు. అమ్మ నవ్వేటప్పుడు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది సిగ్గనుకునేదాన్ని. నెల్లూరు వచ్చాక, హాస్టల్ అద్దంలో అందరితో కలిసి జడ వేసుకునేటప్పుడు మొదటిసారి తెలిసింది. అప్పట్నుంచి పెదాలు మూసి నవ్వడం నేర్చుకున్నాను.

ఓరల్ హిస్టాలజీలో ఎనామెల్ పాఠం, అంటే పన్ను మీది గట్టి పైపొర గురించి. ఎమెలోబ్లాస్ట్ అనే కణాలు దాన్ని కడతాయి. కట్టడం అయిపోయి పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు. అందుకే ఎనామెల్‌కి ఒకసారి జరిగిన నష్టాన్ని ఒళ్లు తనంతట తాను పూడ్చుకోలేదు. అవి పనిచేసే పసితనంలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ గుల్లగా తయారవుతుంది. పన్ను సుద్దలా వచ్చి, తర్వాత ఆ గుల్లలో రంగు పడుతుంది. సారు ప్రొజెక్టర్ మీద ఫొటో వేశారు. "ఇది మీ పక్క జిల్లాదే" అన్నారు. ఆ తెర మీద ఉన్నవి మా అమ్మ పళ్లు కావచ్చు, మా మేనమామవి కావచ్చు. ముందు బెంచీల్లో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి నావైపు చూశారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. పాఠంలో ఉన్నది ఎదురుగా కనిపిస్తే ఎవరైనా చూస్తారు. నేను మాత్రం తల దించుకుని నోట్సులో పన్ను బొమ్మ మీద బొమ్మ గీస్తూ ఉండిపోయాను.

క్లాసయ్యాక సారు ఇంకో సంగతి చెప్పారు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బుని మొదట పట్టుకుని రాసింది నెల్లూరు జిల్లాలోనే. 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, షార్ట్ అనే బ్రిటిష్ వైద్యుడూ ఆయనతో పనిచేసినవాళ్లూ. అప్పుడు మా కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు అందులోకి వెళ్లాయి. దానికి ప్రకాశం పేరు 1972లో వచ్చింది. అంటే మా తాత పడుచువాడుగా ఉన్నప్పుడే మా నీళ్ల సంగతి పుస్తకాల్లోకి ఎక్కింది. నేను పుట్టేనాటికీ అవే నీళ్లు.

ఆ సాయంత్రం బూత్‌కి పోయి అమ్మని అడిగాను, చిన్నప్పుడు నాకు ఏ నీళ్లు పట్టేదానివని. "బడికాడ బోరింగువేగా. తియ్యటి నీళ్లని అంత దూరం పోయి తెచ్చేదాన్ని, నీకోసం" అంది. నేను ఇంకేం చెప్పలేదు.

*

ఏడాది చివర్లో ఒకరి నోటికి ఒకరం ఆల్జినేట్‌తో అచ్చు తియ్యాలన్నారు. రెండ్రోజుల ముందు నుంచే నాకు టెన్షన్. జ్వరమని చెబుదామా అనుకున్నాను. నా జత కావలి అమ్మాయే. ట్యూబులైట్ కింద కూర్చోబెట్టి, "తెరువే" అంది. తెరిచాను. తను చూసింది. చూసి, ట్రే సైజు సరిపోతుందా లేదా అన్నది మాత్రమే మాట్లాడింది. పుదీనా వాసన వచ్చే చల్లటి ముద్ద అంగిలికి తగిలి వాంతి వచ్చేలా అయింది. "ముక్కుతో గాలి తీసుకో, కాళ్లు పైకెత్తు" అని తను నా భుజం నొక్కి పట్టుకుంది.

ఆల్జినేట్ అచ్చు ఎక్కువసేపు ఉంచితే ఎండి కుదించుకుపోతుంది. వెంటనే ప్లాస్టర్ పొయ్యాలి. ఆ రోజు ప్లాస్టరన్నే పోశాడు. టక్ టక్ టక్. నా చేతికిచ్చి, "జొరం చూసుకో" అన్నాడు. వేడెక్కింది. నిదానంగా చల్లారింది. నేనే విప్పాను.

పద్నాలుగు పళ్లు, ఒక్కటీ విరగకుండా. తెల్లగా. ప్లాస్టర్‌కి గార ఉండదు కదా. నేను ఎన్నడూ చూడని నా పళ్లు అవి. పదకొండో నంబరు, అంటే పై కుడివైపు ముందు పన్ను, మధ్యవైపు మూల నిటారుగా, చెంపవైపు మూల గుండ్రంగా. నేను మైనంలో పదిసార్లు చెక్కినా సరిగ్గా రాని ఆ మూలలు నా నోట్లోనే ఉన్నాయి.

ప్లాస్టరన్న మోడల్‌ని వెలుతురుకి పెట్టి తిప్పి చూశాడు. "ఎంత పొందిగ్గా ఉండాయి పాపా నీ పళ్లు! ఇంత వరస ఈ బ్యాచ్‌లో ఎవురికీ లేదు. రంగుదేముంది, రంగు మీరే ఎయ్యడం నేర్చుకుంటారుగా ముందు ముందు."

ఆ మాటకి నేను నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోలేదని కావలి అమ్మాయి రాత్రి హాస్టల్లో చెబితే గానీ నాకే తెలియలేదు. ఆ మోడల్ ఇప్పటికీ నా క్లినిక్ అలమరాలో ఉంది. గార పళ్లని నోరు మూసుకుని వచ్చే ఆడపిల్లలకి ముందు దాన్ని చేతికిస్తాను, తర్వాతే వాళ్ల నోరు చూస్తాను.

*

పెద్ద దినానికి నెల్లూరు వెళ్లాను. మా బ్యాచ్ వాళ్లం అయిదుగురం కలిశాం. చిన్న ఇల్లు, ముందు రేకుల పంచ. వదినని నేను చూడటం అదే మొదటిసారి. ఆవిడకి మాత్రం మా ఊళ్ల పేర్లతో సహా మేమంతా తెలుసు. "కనిగిరి పాపవి నువ్వేనా?" అంది నన్ను చూడగానే. లోపల గోడకి ఒక బ్యాచ్ ఫొటో, మాది కాదు, తర్వాత వాళ్లది. అందులో ఆయన చివరన నిలబడి ఉన్నాడు, చేతులు కడుక్కుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే తులసి కోట పక్కన నేల మీద ఆకుపచ్చ రబ్బర్ బౌల్ కనిపించింది. అంచు అరిగిపోయింది. సగానికి నీళ్లున్నాయి.

"రిటైరైన రోజు అదొక్కటే తెచ్చుకున్నాడమ్మా" అంది వదిన వెనక నుంచి. "పిట్టలకి నీళ్లు పోసేవాడు."

నీళ్లు తులసి మొదట్లో పోసి, బౌల్‌ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. బయటివైపు అడుగున తెల్లగా ఇంకా కొంచెం అంటుకుని ఉంది. నొక్కాను. పెంకు ఒకటి ఊడి అరచేతిలో పడింది. మళ్లీ నీళ్లు నింపి, నీడ ఉన్న వైపుకి జరిపి పెట్టాను.